నాలుగుసార్లు అడిగిన డిస్కు

ప్రతి ఇంట్లోనూ ఒక రెస్క్యూ డిస్కు ఉండి తీరాలి! ఏడాదికి ఒక్కసారైనా దాన్ని కంప్యూటర్‌లో వేసి, లోపల ఉన్నదంతా తుడిచిపెట్టి, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకోవాలి. ఇది నా నిశ్చితాభిప్రాయం. దీనికోసం ప్రభుత్వం చట్టం తెచ్చినా నాకు అభ్యంతరం లేదు.

నవ్వకండి. పండక్కి ఇంటికి సున్నాలు వేయిస్తాం కదా? అటక మీద సామాను కిందికి దించి, ఇదెందుకు, అదెందుకు అంటూ సగం బయట పారేస్తాం కదా? మరి కంప్యూటర్ ఏం పాపం చేసింది? దాని అటక దులిపేవాళ్ళు ఎవరు?

ఈ సత్యం నాకు పుస్తకాలు చదివి తెలియలేదు. మొన్న వేసవిలో మా ఇంట్లో ఈ శుభకార్యం నా చేతుల మీదుగానే జరిగింది. ఇప్పుడు మా కంప్యూటర్ అద్దంలా ఉంది. అందులో ఏమీ లేదు. ఇదివరకు ఉండేవి. మా ఆవిడ శివపార్వతి రెండేళ్ళు కూర్చుని టైపు చేసుకున్న పాటలు, నూట నలభై రెండు. మా అత్తగారు ఆదెమ్మగారు పాడుతుంటే రాసుకున్నవి. అవి పోయాయి. దాన్ని మా ఆవిడ కొంచెం పెద్దది చేస్తోంది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు లాభాలు చూడండి.

రెస్క్యూ డిస్కు అంటే తెలియనివారి కోసం రెండు మాటలు. కంప్యూటర్ తెరుచుకోనని మొరాయించినప్పుడు ఈ సీడీ లోపల పెట్టి ఆన్ చేస్తే, అది తన సొంత బుర్ర పక్కన పెట్టి సీడీ బుర్రతో నడుస్తుంది. హార్డ్ డిస్కులో మనం దాచుకున్న వాటిని ముట్టుకోదు. మనమే నెమ్మదిగా లోపలికి వెళ్ళి, కావలసిన ఫైళ్ళు పెన్ డ్రైవ్‌లోకి తెచ్చుకోవచ్చు. పని అయిపోయి ఆపేశామా, అంతసేపూ ఏం చేశామో దానికి ఒక్క ముక్క గుర్తుండదు. మళ్ళీ ఆన్ చేస్తే మళ్ళీ కొత్త జన్మే!

ఎంత గొప్ప గుణమండీ ఇది! పొద్దున జరిగింది సాయంత్రానికి గుర్తుండకపోవడం! సత్యనారాయణపురంలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళకి ఈ గుణం ఒక్కటి ఉంటే మా బతుకులు ఎలా ఉండేవో ఊహించుకోండి. రెండు వేల మూడులో ఎవరి పార్కింగ్‌లో ఎవరు స్కూటరు పెట్టారో ఈ రెండు వేల ఎనిమిదిలో కూడా తేదీతో సహా చెబుతారు మావాళ్ళు.

ఇక తుడిచిపెట్టడంలోని సుఖానికి వస్తాను. మూడో అంతస్తులో వెంకటసుబ్బారావుగారని ఒక పెద్దమనిషి ఉన్నారు. ఆయన కంప్యూటర్‌లో వాళ్ళ గృహప్రవేశం ఫోటోలు పంతొమ్మిది వందలు ఉండేవి. వాళ్ళింటికి ఎందుకు వెళ్ళినా సరే, కరివేపాకు రెబ్బ కోసం వెళ్ళినా సరే, కుర్చీ వేసి కూర్చోబెట్టి మొదటి ఫోటో నుంచి చూపించేవారు. ఆవు లోపలికి వస్తున్న ఫోటోలే నలభై. ఆవు బయటికి వెళ్తున్నవి ఇంకో ముప్ఫై. ఒకరోజు ఎవరో మెకానిక్ వచ్చి కంప్యూటర్ ఫార్మాట్ కొట్టి వెళ్ళాడు. అపార్ట్‌మెంట్ మొత్తానికి విముక్తి! ఇప్పుడు వాళ్ళింటికి వెళ్తే కాఫీ ఇస్తున్నారు. ఆయన మాత్రం పాపం, గోడకేసి చూస్తూ కూర్చుంటున్నారు. ఎవరికో ఒకరికి నష్టం లేకుండా లోకకల్యాణం ఎక్కడ జరిగింది చెప్పండి?

మా అసోసియేషన్ సెక్రటరీ వెంకటకృష్ణారావుగారి సంగతి ఇంకా రసవత్తరం. నీళ్ళ ట్యాంకు గురించి ఏడేళ్ళ మినిట్సు ఆయన కంప్యూటర్‌లో భద్రంగా ఉండేవి. ఎవరు ఏ మీటింగులో ఏమన్నారో అక్షరం పొల్లుపోకుండా! వైరస్ వచ్చి మొత్తం ఊడ్చుకుపోయింది. మరుసటి ఆదివారం మీటింగులో, పాత గొడవ ఎక్కడ ఆగిందో తెలియక, జనం పది నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చుని, ఏం చేయాలో తోచక, ట్యాంకు కడిగించేశారు.

చూశారా? ఏడేళ్ళ రికార్డు చేయలేని పని ఒక్క చెరుపుడు చేసింది!

మన ఊళ్ళో మెకానిక్కులు ఈ వేదాంతం ఎప్పుడో గ్రహించారు. వాళ్ళ దగ్గర ఉన్న మందు ఒక్కటే. కంప్యూటర్ నెమ్మదిగా నడుస్తోందా? ఫార్మాట్ కొట్టేద్దాం సార్. ప్రింటరు కాగితం మింగేసిందా? ఫార్మాట్ కొట్టేద్దాం సార్. మౌస్ కింద బంతిలో దారప్పోగు చిక్కుకుందా? ఎందుకైనా మంచిది, ఒకసారి ఫార్మాట్ కొట్టేద్దాం సార్! లోపల ఏముందని అడిగే చాదస్తం వాళ్ళకు లేదు. అడిగితే మనం చెబుతాం, చెబితే వాళ్ళు వినాలి, విన్నాక జాలి పడాలి. ఇంత పనికి ఎవరికండీ తీరిక?

ఈ ఊళ్ళో లోపల ఏముందని అడిగే మనిషి నాకు తెలిసి ఒక్కడే. వన్ టౌన్‌లో గడియారాల షాపు అష్ఫాక్. వాళ్ళ నాన్న అబ్దుల్ రవూఫ్‌గారు నలభై ఏళ్ళు అక్కడే చేతి గడియారాలు బాగుచేశారు. ఇప్పుడు అదే బల్ల మీద, అదే భూతద్దం కంటికి తగిలించుకుని అష్ఫాక్ కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. మా కంప్యూటర్ అతను బిగించి ఇచ్చిందే. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం ఇంకెక్కడో ఎవరో వేసింది, తెరిచినప్పుడల్లా తెనాలిలో ఎవరో కంటి డాక్టరుగారి పేరు చూపించేది. ఆయన ఎవరో మాకు తెలియదు. ఇంటి ఓనరుగారిలా భావించి గౌరవంగానే చూసుకున్నాం.

మేలో కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయి, మళ్ళీ వచ్చింది. ఆ దెబ్బకి కంటి డాక్టరుగారు కన్నుమూశారు. నల్లటి తెర మీద తెల్లటి గీత ఒకటి మినుకుమినుకుమంటూ నిలబడిపోయింది.

మా ఆవిడ మొహం చూడాలి ఆ రోజు! పాటలు పుస్తకంగా అచ్చు వేయించి, శ్రావణంలో వాళ్ళమ్మగారి చేతుల్లో పెట్టాలని ఆవిడ ఆశ. ఆదెమ్మగారికి ఎనభై రెండు. నాట్ల పాటలు, పెళ్ళి పాటలు, అప్పగింతలు, హారతులు, జోలలు, అన్నీ నోటికొచ్చు. చదువు రాదు. తన పాటలు అచ్చులో ఎలా ఉంటాయో ఒక్కసారి తడిమి చూడాలని ఆవిడ కోరిక.

ముందు అవన్నీ ఆరు నోట్‌బుక్కుల్లో ఉండేవి. ఆ నోట్‌బుక్కులు ఇప్పుడు లేవు. కంప్యూటర్‌లో ఎక్కించాక ఇంకా ఈ కాగితాలెందుకు, చెదలు పట్టడానికా అని ఒక దూరదృష్టి గల వ్యక్తి సలహా ఇచ్చి, పాత పేపర్లవాడి తక్కెట్లో స్వయంగా తూకం వేయించాడు. ఆ వ్యక్తి ఎవరో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మా ఆవిడ ఆ రోజు గుమ్మంలో నిలబడి, "ఉంచుదామేమోనండీ" అంది. ఒక్కసారే అంది. ఒక్కసారి అన్నదాన్ని పట్టించుకునే అలవాటు నాకు లేదు.

కంప్యూటర్ సీపీయూని ఆటోలో వేసుకుని వన్ టౌన్ వెళ్ళాం. అష్ఫాక్ స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు. మా ఆవిడ వైపు తిరిగి, "లోపల ఏం ఉందమ్మా?" అని అడిగాడు.

ఆవిడ చెప్పింది. అతను పూర్తిగా విన్నాడు.

"గడియారం తెస్తే మా నాన్న ఎప్పుడు ఆగిపోయిందని అడిగేవాడు కాదు సార్, ఎవరిచ్చారని అడిగేవాడు. పెళ్ళిలో మావగారు పెట్టిందంటే ఒక్క స్క్రూ కూడా మార్చేవాడు కాదు" అన్నాడు నాతో. ఇంత నిదానస్థుడికి వ్యాపారం ఎలా నడుస్తోందా అని నాకు ఆశ్చర్యం వేసింది.

చూసి చెప్పాడు. హార్డ్ డిస్కు బాగానే ఉందట. పాటలు లోపలే ఉన్నాయట. చెడిపోయింది ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రమేనట. ఒక సీడీ తీసి, దాని మీద మార్కరుతో రెస్క్యూ అని రాసి, ఒక పెన్ డ్రైవ్‌తో కలిపి నా చేతిలో పెట్టాడు. అతను మరునాడు పొద్దున్నే బంధువుల పెళ్ళికి బందరు వెళ్ళాలి. "ఇది వేసి ఆన్ చేయండి సార్. పాటల ఫోల్డరు కనిపిస్తుంది. పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, అంతే. తెర మీద ఇన్‌స్టాల్ అని ఒక బొమ్మ ఉంటుంది, దాన్ని మాత్రం ముట్టుకోకండి. శుక్రవారం నమాజ్ అయ్యాక ఇంటికొచ్చి నేను చేస్తా."

అలాగే అన్నాను. నేను అలాగే అంటే అర్థం ఏమిటో మా డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు.

ఇంటికి రాగానే మా ఆవిడ ఆ డిస్కుని దేవుడి దగ్గర పెట్టి, పసుపూ కుంకుమా అద్ది, హారతి ఇచ్చింది. బొట్టు ఎక్కడ పెట్టింది? మార్కరుతో రాసిన వైపు మొహం కాదనుకుంది పాపం. నిగనిగలాడే వైపు పెట్టింది, మూడు చోట్ల! లోపల వేస్తే కంప్యూటర్ ఐదు నిమిషాలు మూలిగి, చదవలేనని బయటికి తోసేసింది. నేను పంచె అంచుతో కుంకుమంతా తుడిచి మళ్ళీ వేశాక నడిచింది. ఫోల్డరు కనిపించింది. నూట నలభై రెండూ ఉన్నాయి. మా ఆవిడ ఒకటి తెరిచి చూసుకుని, కళ్ళు తుడుచుకుని, "కాపీ చేసి పెట్టండి, అమ్మకి చెప్పొస్తా" అని గన్నవరం అవతల ఉన్న వాళ్ళ ఊరికి బస్సెక్కింది.

ఇక కాపీ చేయడమే తరువాయి. రెండు నిమిషాల పని. రెండు నిమిషాల పనికి తొందరేముంది? ముందు ఈ పత్రికకి పంపాల్సిన వ్యాసం టైపు చేద్దామని కూర్చున్నాను. నాలుగు పేజీలు వచ్చాయి. భోజనానికి లేస్తూ కంప్యూటర్ ఆపేశాను. తిని వచ్చి ఆన్ చేస్తే వ్యాసం లేదు! ఏ పూటకాపూట కొత్త జన్మ అని ఇందాక మెచ్చుకున్నానే, ఆ గుణమన్నమాట. నేనెవరో దానికి తెలియదు. నాలుగు పేజీలు రాశానని దానికి తెలియదు.

నాకు కోపం వచ్చింది. మనిషి రాసింది గుర్తుపెట్టుకోని యంత్రం ఎందుకు? దీనికి గుర్తుపెట్టుకోవడం నేర్పి తీరాలి. తెర మీద ఇన్‌స్టాల్ అనే బొమ్మ కనిపించింది. అష్ఫాక్ వచ్చేలోగా పని పూర్తి చేసి, నాకూ కంప్యూటర్లు తెలుసునని చూపించవచ్చు. మా ఆవిడ తిరిగొచ్చేసరికి కొత్త సిస్టమ్, పాత పాటలు, చల్లటి కబురు!

ఇక్కడ నా వృత్తి గురించి కొంచెం చెప్పాలి. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు నీటిపారుదల శాఖలో పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. రోజుకు ఎనభై ఫైళ్ళు. ఏ ఫైలూ నా బల్ల మీద పదినిమిషాలకు మించి ఉండేది కాదు. రహస్యం ఏమిటంటే, నేను చదివేవాణ్ణి కాదు. గుమాస్తా వేలు పెట్టి చూపించిన చోట 'చూశాను' అని రాసి పొట్టి సంతకం గీకేవాణ్ణి. ఫైలు తెరిచినప్పుడు నా కళ్ళు సరాసరి సంతకం పెట్టాల్సిన ఖాళీ మీద వాలేవి. మధ్యలో ఉన్న అక్షరాలు నాకు కనిపించేవే కావు. చురుకైన అధికారి అని మూడు మెమెంటోలు ఇచ్చారు.

ఒకసారి మరియదాసు అనే లస్కరు, కాలవ లాకుల దగ్గర తలుపులెత్తే మనిషి, ఒక అర్జీ పెట్టుకున్నాడు. భార్యకి ఒంట్లో బాగాలేదు, పెద్దాసుపత్రికి దూరంగా బదిలీ చేయొద్దని. దాని మీద కూడా 'చూశాను' అనే రాశాను. ఆ సంగతి అర్జీలో ఉందని ఆరు నెలల తర్వాత తెలిసింది. అప్పటికి అతను బదిలీ మీద వెళ్ళిపోయాడు. భార్య ఎలా ఉందని నేను ఎవర్నీ అడగలేదు. సరే, అది పాత కథ. కంప్యూటర్ల గురించి కదా మాట్లాడుకుంటున్నాం!

ఇన్‌స్టాల్ నొక్కాను. ఒక తెర వచ్చింది. ఏవో వాక్యాలు, కింద కుడివైపు ఒక బటన్. నెక్స్ట్. అచ్చం నా ఫైళ్ళలో సంతకం ఖాళీ ఎక్కడ ఉండేదో అక్కడే! చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఇంకో తెర. నెక్స్ట్. ఇంకో తెర. నెక్స్ట్. రిటైరయ్యాక మూడేళ్ళకి మళ్ళీ నాకు నా సీట్లో కూర్చున్నట్టు ప్రాణం లేచొచ్చింది. మధ్యలో ఒక ఖాళీ కనిపిస్తే అలవాటుకొద్దీ నా పేరు కొట్టి, టకటకా నొక్కుకుంటూ పోయాను. తర్వాత తెర మీద ఒక గీత కుడివైపుకి నిండుకుంటూ వెళ్ళింది. ముప్పావుగంటలో అయిపోయింది. డిస్కు బయటికి వచ్చింది. కంప్యూటర్ గబుక్కున తెరుచుకుంది. కంటి డాక్టరుగారు లేరు. నా పేరే కనిపించింది.

చాలా సంతోషం వేసింది. సంతోషంతో గంటసేపు పేకాట ఆడాను.

సాయంత్రం మా ఆవిడ వచ్చింది. "చూడు, ఎంత ఫాస్టుగా తెరుచుకుంటోందో!" అన్నాను.

"నా పాటలేవి?" అంది.

"ఉంటాయి, లోపలే ఎక్కడో ఉంటాయి" అన్నాను. వెతికాను. ఈ ఫోల్డరు, ఆ ఫోల్డరు. పెన్ డ్రైవ్ ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంది. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నోట్‌బుక్కులైనా ఉంచుదామన్నాను" అని వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడిగింది. ఆ కడగడం ఎంతకీ అవదే! నాకు భయం వేసింది. మరి నేను మగాణ్ణి, రిటైర్డ్ సూపరింటెండెంటుని, కాబట్టి పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

శుక్రవారం అష్ఫాక్ వచ్చాడు. తెర చూశాడు. నన్ను చూశాడు. హార్డ్ డిస్కు విప్పి షాపుకి పట్టుకెళ్ళాడు. నాలుగు రోజులు తంటాలు పడ్డాడు. పాటలున్న చోట కొత్త సిస్టమ్ వచ్చి రాసుకుందట, దాని మీద నా పేకాట కూర్చుందట. తిరిగి వచ్చినవి అక్షరాల బదులు డబ్బాలు, ప్రశ్నార్థకాలు, అక్కడక్కడ సగం మాటలు.

"తప్పు నీ డిస్కుదే" అన్నాను నేను. ఎవరిదో ఒకరిది కావాలి కదా! "రెస్క్యూ అని రాసిచ్చి, ఉన్నది ఊడ్చేసే బొమ్మ దాని మొహాన పెట్టడమేమిటి? ఒక్క మాటైనా అడగొద్దా?"

అతను షాపులో ఒక ఖాళీ కంప్యూటర్‌లో అదే డిస్కు వేసి, ఒక స్టూలు లాగి, "కూర్చోండి సార్" అన్నాడు. ఒక్కొక్క తెరే ఆపుతూ చూపించాడు.

మొదటి తెర: ఇందులో ఇదివరకే ఎవరివో ఫైళ్ళు ఉన్నట్టున్నాయి, చూసుకున్నారా? రెండో తెర: మొత్తం చోటు వాడుకోమంటారా, ఉన్నవాటిని ఉంచి పక్కన సర్దుకోమంటారా? మూడో తెర: మొత్తం అంటే లోపల ఉన్నవన్నీ పోతాయి, మళ్ళీ రావు. నాలుగో తెర, ఎర్ర అక్షరాలతో: ఇప్పటివరకు నేనేమీ ముట్టుకోలేదు, వెనక్కి వెళ్ళాలంటే ఇదే ఆఖరు. అన్నీ ఇంగ్లీషులోనే. అయినా ముప్ఫై ఒక్క ఏళ్ళు చీఫ్ ఇంజనీరుకి ఇంగ్లీషులో డ్రాఫ్టులు పంపినవాణ్ణి, భాష రాక కాదు.

నాలుగుసార్లు అడిగింది! నా సర్వీసులో ఏ కాగితమూ నన్ను నాలుగుసార్లు అడగలేదు. మరియదాసు ఒక్కసారే అడిగాడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఒక్కసారే అడిగింది. ఈ డిస్కు మాత్రం, ప్రాణం లేని ప్లాస్టిక్ బిళ్ళ, పొద్దున జరిగింది సాయంత్రానికి గుర్తుండనిది, ఆగి ఆగి నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ నేను దాని మొహం చూడలేదు.

"మీరు ఎప్పుడైనా చదువుతారా సార్?" అని అష్ఫాక్ నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

సరే, లాభాల దగ్గరికి వద్దాం. నేను ఓటమి ఒప్పుకునే రకం కాదు. ఈ ఇన్‌స్టాలేషన్ వల్ల మా కుటుంబానికి కలిగిన ముఖ్య లాభం ఏమిటంటే, పాతికేళ్ళుగా పండక్కి తప్ప అత్తగారింటికి వెళ్ళని అల్లుడు ఇప్పుడు ప్రతి ఆదివారం వెళ్తున్నాడు. ఇది శిక్ష. వేసింది ఆదెమ్మగారు. పాటలు పోయిన సంగతి మా ఆవిడ ఫోన్‌లో చెబితే ఆవిడ ఏడవలేదట. "చెరిపినాయన చేత్తోనే రాయించాలి. అల్లుడుగారిని పంపు" అందట.

పొద్దున్నే బస్సులో వెళ్తాను. చేతిలో కొత్త నోట్‌బుక్కు, రెండు పెన్నులు. ఆవిడ అరుగు మీద కూర్చుని పాడుతుంది, నేను కింద చాప మీద కూర్చుని రాస్తాను. గన్నవరంలో దిగే విమానం నెత్తి మీదుగా వెళ్తే పాట ఆపేస్తుంది, అది పోయాక మొదటి నుంచి అందుకుంటుంది. మొదట్లో నేను మూడు పాటలు టకటకా రాసేసి, "ఊఁ, తరవాతది?" అన్నాను.

"ముందు రాసింది చదవండి" అంది.

"రాశానండీ, అంతా ఉంది."

"ఉందని మీరంటే సరిపోద్దా? నాకు చదువు రాదు. ఏం రాశారో చదివి వినిపిస్తేగానీ తరవాతది పాడను."

చదివాను. పదహారు తప్పులు. ఒక అప్పగింతల పాటలో పెళ్ళికూతురిని పంపకుండా పెళ్ళికొడుకునే పంపేశాను. ఆవిడ నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ రాశాను. మళ్ళీ చదివించింది. ఒక్కో పాటకీ ఇంతే. ఆవిడ దగ్గర నెక్స్ట్ బటన్ లేదు.

ఇంకో సంగతి నాకు అక్కడే తెలిసింది. పాటలు నోట్‌బుక్కుల్లో ఉన్నంతకాలం తల్లీకూతుళ్ళు కలిసినప్పుడల్లా పాడుకునేవారట. కంప్యూటర్‌లో ఎక్కించాక, ఇంక భద్రంగా ఉన్నాయి కదా అని మానేశారట. మరి భద్రంగా ఉన్నాయని వాళ్ళకి మాటిచ్చింది ఎవరు?

ఇప్పటికి నూట పదకొండు వచ్చాయి. మిగతా ముప్ఫై ఒకటి రావడం లేదు. క్రిందటి ఆదివారం మా ఆవిడ కూడా నాతో వచ్చింది. తనని చిన్నప్పుడు నిద్రపుచ్చిన జోలపాట పాడమన్నాను. అత్తగారు అందుకుంది. "మడికి నీళ్ళొచ్చాయి, మాయమ్మ నిదరోవె" అని ఆగింది. మళ్ళీ అదే లైను పాడి మళ్ళీ ఆగింది. కూతురి వైపు చూసింది. మా ఆవిడకీ అంతవరకే వచ్చు. "నోటిదాకా వస్తోంది బాబూ, బయటికి రావట్లేదు" అంది ఆదెమ్మగారు. ఆవిడ నన్ను ఇదివరకెప్పుడూ బాబూ అనలేదు. నోట్‌బుక్కులో ఆ లైను కింద మూడు గీతలు ఖాళీగా వదిలాను. ఆవిడ వేలితో ఆ ఖాళీ తడిమి చూసి, "ఇక్కడేనా?" అంది. ఇక్కడేనండీ అన్నాను.

కాబట్టి పాఠకులారా, రెస్క్యూ డిస్కు ప్రతి ఇంట్లో ఉండాల్సిందే. అంత మర్యాదగా, అంత ఓపిగ్గా అడిగేవాళ్ళు ఇళ్ళల్లోనూ ఆఫీసుల్లోనూ ఇంకెవరున్నారు? వెతికి తరిమేయాల్సింది దాన్ని కాదు, ఎవర్నో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. అతను మీ ఇంట్లో కూడా ఉండొచ్చు. ఒకసారి అద్దంలో చూసుకోండి.

ఈ వ్యాసం చేత్తోనే రాశాను. కంప్యూటర్ దగ్గరికి నన్ను రానివ్వడం లేదు. మా ఆవిడ మొదటి నుంచి చివరిదాకా చదివి, కాగితాలు నా ముందు పెట్టి, "సంతకం పెట్టండి" అంది. అలవాటు ప్రకారం చెయ్యి కింద కుడివైపుకి వెళ్ళింది. ఆగింది. మొదటి పేజీకి వెళ్ళి, మరియదాసు దగ్గర చాలాసేపు ఆగి, చివరిదాకా వచ్చాను. సంతకం పెట్టి, దాని పైన ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎన్నడూ రాయని మాట రాశాను.

చదివాను.

రామకోటేశ్వరరావు